నూలుయంత్రముల చెక్కడపు బొమ్మలు – చేతిరంగులు

కంటితో చూడదగిన విషయమును చెవితో వినువారికి చెప్పబూనుట కొంత సాహసమే. అందులోను రంగులను గూర్చి చెప్పుట మరింత సాహసము. అయినను ఈ ప్రసంగమునకు ఆధారమైన బొమ్మను శ్రోతలలో పలువురు ఎచ్చటనో యొకచోట చూచియే యుందురను ధైర్యము నాకు గలదు. ఇంగ్లాండునందలి పారిశ్రామిక విప్లవమును వర్ణించు పుస్తకములలో అది తరచుగా కనిపించును. పొడవైన యొక శాల. బారులు తీరిన కదుళ్లు. వీణతంత్రులవలె బిగిసి సాగిన నూలుపోగులు. యంత్రము చెంత నిలిచి పనిచేయు మనుషులు. తీరికగా చూచిననే కనబడు మరియొక వ్యక్తి కూడ అందున్నాడు. ఆ పోగుల క్రింద, నేలకు వంగి, రాలిన దూదిని ఊడ్చుచున్న పసివాడు.

ఈ బొమ్మ 1835లో ఎడ్వర్డ్ బెయిన్స్ ప్రకటించిన బ్రిటనుదేశపు ప్రత్తిపరిశ్రమ చరిత్రలోనిది. దానిని గీసినవాడు థామస్ ఆలమ్. లోహఫలకముపై చెక్కి అచ్చువేసిన బొమ్మ యగుటచే గ్రంథములో అది నలుపు తెలుపులలోనే యున్నది. నేడు అదే బొమ్మ రంగులతో కూడ మనకు లభించుచున్నది. ప్రదర్శనశాలల విక్రయశాలలలో, పాతబొమ్మల అంగళ్లలో, పాఠ్యపుస్తకములలో రంగుల ప్రతులు కనబడును. ఒక ప్రతిలోని రంగులు మరియొక ప్రతిలో నుండవు. ఆ రంగులను ఎవరు వేసిరి? ఏమి చూచి వేసిరి? వానిని మనమెంతవరకు నమ్మవచ్చును? ఈ మూడు ప్రశ్నలే నేటి నా ప్రసంగము.

మొదట ఇట్టి బొమ్మ పుట్టుకను తెలిసికొందము. చిత్రకారుడు కాగితముపై గీసిన బొమ్మను చెక్కుడుపనివాడు రాగిరేకుపై సన్నని ఉలితో తిరగవేసి చెక్కును. ఆ గాడులలో సిరా నింపి, రేకు పైభాగమును శుభ్రముగా తుడిచి, తడిపిన కాగితమును దానిపై పరచి, రెండు రోలరుల నడుమ నొక్కిలాగినచో గాడులలోని సిరా కాగితమున కంటుకొనును. ఈ పద్ధతిలో నలుపు, తెలుపు తప్ప నడిమి ఛాయ లేదు. నీడ కావలెనన్న గీతలు దగ్గరగా చెక్కవలెను. వెలుగు కావలెనన్న ఎడముగా చెక్కవలెను. రాగి మెత్తని లోహము. కొన్ని వందల ప్రతులు తీయునప్పటికే సన్నగీతలు అరగనారంభించును. 1820 తరువాత ఉక్కుఫలకములు వాడుకలోనికి వచ్చుటచే ఒకే బొమ్మను వేలకొలది ప్రతులు తీయుట సాధ్యమయ్యెను. ఆ విధముగా యంత్రముల బొమ్మలు కూడ యంత్రోత్పత్తులవలె దేశమంతట వ్యాపించినవి.

రంగుల ముద్రణ చవకగా సాధ్యమగువరకు, అనగా పందొమ్మిదవ శతాబ్దపు నడిమి కాలమువరకు, అచ్చుబొమ్మకు రంగు కావలెనన్న చేతితోనే వేయవలసి యుండెను. పెద్ద బొమ్మల అంగడివారు రంగువేయువారిని బల్లల చుట్టు కూర్చుండబెట్టి, ఎదుట నొక మాదిరిప్రతిని ఉంచి, ఒక్కొక్కరికి ఒక్కొక్క రంగు అప్పగించెడివారు. ఒకరు ఆకాశము వేసి ప్రక్కవారి కందించగా వారు చెట్లు వేయుదురు. వారందించగా మరియొకరు దుస్తులు వేయుదురు. ఈ పని చేసినవారిలో స్త్రీలు, పిల్లలు అధికముగా నుండిరి. వారి పేర్లు ఏ బొమ్మ అడుగునను లేవు. గీసినవాని పేరు ఎడమమూలను, చెక్కినవాని పేరు కుడిమూలను అచ్చుపడును. రంగువేసినవారి పేరు మాత్రము ఎచ్చటను పడదు. సరకు యంత్రము వెంట సాగునట్లే బొమ్మ బల్ల వెంట సాగెడిది. కార్ఖానాను చిత్రించు కళయే ఒక చిన్న కార్ఖానా అయినదన్నమాట.

చేతిరంగుల బొమ్మ యని మనము సామాన్యముగా చెప్పుదుము గాని, అందు మూడు తెగలు గలవు. గ్రంథము వెలువడినప్పుడే, చిత్రకారుని మాదిరి ననుసరించి రంగువేసినవి మొదటి తెగ. నలుపు తెలుపులలో వెలువడిన పాతగ్రంథముల పుటలను విడదీసి, ఏబది నూరేండ్ల తరువాత వర్తకులు గిరాకీకొరకు రంగువేయించినవి రెండవ తెగ. పాతబొమ్మకు ఫొటో తీసి, దళసరి కాగితముపై మరల అచ్చువేసి, ఈనాటి చిత్రకారుడు నీటిరంగులతో పూరించునవి మూడవ తెగ. గోడపై వ్రేలాడునపుడు మూడును ఒక్కరీతిగనే కనబడును. సాక్ష్యము చెప్పుటలో మాత్రము మూడును ఒకటి కావు.

మొదటి తెగకు చక్కని ఉదాహరణము 1814లో వెలువడిన యార్కుషైరు వేషధారణ యను గ్రంథము. జార్జి వాకర్ చిత్రించిన 40 బొమ్మలు అందున్నవి. ఉన్నివస్త్రములకు నునుపు తేర్చువారు, రాట్నము వడుకు స్త్రీ, కార్ఖానాకు పోవు పిల్లలు, బొగ్గుగని పనివాడు, అతని వెనుక ఆవిరియంత్రము అందు కానవచ్చును. ఆ గ్రంథములో రంగు ఒక భాగము. చూచి గీసినవాని కాలమును, రంగువేసినవారి కాలమును ఒక్కటే. పనివాని అంగీ రంగును గూర్చి ఆ పుట చెప్పుమాటను మనము సంపూర్ణముగా కాకున్నను కొంత గౌరవముతో వినవచ్చును.

దీనికి భిన్నమైనది ఫ్రాన్సుదేశమున డిడెరో, డాలంబేరులు సంపాదకులుగా వెలువడిన విజ్ఞానసర్వస్వము. 1751లో మొదటి సంపుటము వెలువడెను. 1762 మొదలు 1772 వరకు 11 బొమ్మల సంపుటములు వచ్చినవి. వానిలో రెండువేల అయిదువందలకు పైగా పుటలున్నవి. పట్టునేత, తివాచీనేత, మేజోళ్లు అల్లు యంత్రము, అద్దకము మొదలగు వృత్తులన్నియు అందు చిత్రింపబడినవి. పెక్కు పుటలలో పైభాగమున పనిజరుగు శాల యుండును. క్రిందిభాగమున పనిముట్లు అంగములుగా విడదీసి, అక్షరగుర్తులతో చూపబడియుండును. మేజోళ్ల యంత్రమును గూర్చిన వ్యాసమును డిడెరో స్వయముగా వ్రాసెను. ఆ యంత్రమును 1589లో విలియం లీ యను ఆంగ్లేయుడు కల్పించినట్లు ప్రసిద్ధి. ఈ పుటలన్నియు నలుపు తెలుపులే. నేడు వానికి రంగువేసి అమ్ముట పరిపాటి. శాల గోడలకు లేత పసుపు, పనివాని నడుముగుడ్డకు నీలము, కిటికీవెలుపల ఆకాశము. చూచుటకు ముద్దుగ నుండును. కాని ఆ బొమ్మలు యంత్రమును అర్థము చేయించుటకై గీసినవి. శాల ఇంత శుభ్రముగా, ఇంత నిశ్శబ్దముగా నుండుట గీసినవాని పద్ధతియే గాని శాల స్వభావము కాదు. నలుపు గీతలలో ఆ పద్ధతి తెలియుచుండును. రంగు వేయగానే అది చూచినవాని వర్ణనమువలె భాసించును. ఇచ్చటనే చిక్కు ఆరంభమగును.

మరల ఆలమ్ గీసిన బొమ్మ చెంతకు వత్తము. అది చూపు యంత్రమునకు మ్యూల్ అని పేరు. 1779లో బోల్టను పట్టణవాసి శామ్యూల్ క్రాంప్టన్ దానిని కనిపెట్టెను. హార్‌గ్రీవ్స్ జెన్నీలోని గుణమును, ఆర్క్‌రైట్ నీటియంత్రములోని గుణమును కలిపి చేసినదగుటచే, గుఱ్ఱమునకు గాడిదకు పుట్టిన కంచరగాడిద పేరు దానికి వచ్చినది. కదుళ్లున్న బండి చక్రములపై సుమారు అయిదడుగులు ముందునకు వచ్చి దూదిని లాగి పురిపెట్టును. వెనుకకు పోవునపుడు ఆ నూలును చుట్టుకొనును. ముందునకు వచ్చినపుడు పోగుల క్రింద చోటు ఏర్పడును. ఆ చోటులో దూరి రాలిన దూదిని ఊడ్చుట చిన్నపిల్లల పని. బండి కదలుచుండగనే ఆ పని జరుగును. పెద్దవారు పట్టని చోటు గనుకనే పిల్లలు ఆ పనికి వచ్చిరి.

బెయిన్స్ లీడ్సు పట్టణమున పత్రికా సంపాదకుడు. ప్రత్తిపరిశ్రమను వేనోళ్ల కొనియాడినవాడు. కార్ఖానాపిల్లల కష్టములను అతిశయోక్తులతో చెప్పుచున్నారని వాదించినవాడు. ఆ గ్రంథము వెలువడుటకు రెండేండ్ల ముందే, 1833లో, ఆంగ్లపార్లమెంటు కార్ఖానాల చట్టము చేసెను. పట్టుమిల్లులు తప్ప తక్కిన నూలుమిల్లులలో తొమ్మిదేండ్లలోపు పిల్లలను పనిలో పెట్టుకొనరాదని, తొమ్మిది మొదలు పదమూడేండ్లలోపువారిని వారమునకు 48 గంటలకు మించి పనిచేయింపరాదని ఆ చట్టము విధించెను. అనగా ఈ బొమ్మ గీసిననాడు పోగుల క్రింది పిల్లవాడు దేశమంతట వాదమునకు గురియైనవాడు. గ్రంథకర్త ఉద్దేశ్యము యంత్రమును ప్రశంసించుట. అయినను చిత్రకారుని చేయి పిల్లవానిని విడిచిపెట్టలేదు. తరువాతి కాలమువారు పిల్లల శ్రమను నిరసించుటకై ఆ బొమ్మనే చూపిరి. ప్రశంసకై గీసినది అభియోగమునకు సాక్షి యయ్యెను.

ఇట్టి బొమ్మకు రంగువేయువాని బాధ్యత ఎంతటిదో ఇప్పుడు యోచింతము. చెక్కినవాడు ప్రతిగీతను తాను చూచిన నమూనా ననుసరించి చెక్కెను. రంగువేయువానికి నమూనా లేదు. అతడు తన జ్ఞానముచేతనో, తన ఇచ్ఛచేతనో ఖాళీలను పూరింపవలెను. జ్ఞానముచేత పూరింపదగినవి కొన్ని గలవు. పోతయినుము కారునలుపు, దానికమరిన ఇత్తడి పసుపు, పట్టాలు తోలుగనుక గోధుమవన్నె. నూలు విషయములో జాగ్రత్త వలెను. మ్యూల్‌పై వడికినది రంగువేయని ప్రత్తి. అందుచే పోగులు మీగడవన్నెలోనే యుండవలెను. అందముకొరకు వానికి నీలము పూసినచో పని తెలియనివాడని పట్టుబడును. అట్లే మరమగ్గముపై నున్నది కోరాబట్ట. అది ఇంకను చలువకు పోలేదు, అద్దకమునకు పోలేదు.

దుస్తుల విషయము ఇంతకంటె సూక్ష్మమైనది. 1856లో విలియం పెర్కిన్ అను యువకుడు బొగ్గుతారునుండి తెచ్చిన పదార్థముతో మెరుపుగల ఊదారంగును కనిపెట్టెను. కృత్రిమ రంగులలో అది మొదటిది. ఆ తరువాతనే బజారులలో జిగేలుమను రంగులు వచ్చిపడినవి. 1835నాటి మిల్లుపడుచుకు ఆ ఊదావన్నె పావడా తొడిగినచో, ఇరువదేండ్ల తరువాతి వస్తువును ఆమెకు అరువిచ్చినట్లగును. ఇది చిన్నతప్పువలె తోచవచ్చును. కాని ప్రత్తి చరిత్ర చెప్పుటకై ఉంచిన బొమ్మలో బట్టరంగే అసత్యమైనచో ఇక సత్యమైనదేది?

మరియొక చిక్కు గలదు. అచ్చుబొమ్మను చూచి దానిని యథాతథముగా మరియొక రేకుపై చెక్కినచో, అచ్చుపడునప్పటికి కుడియెడమలు తారుమారగును. అందుచే నకళ్లలో కుడిచేతివాటపు పనివాడు ఎడమచేతివాడగుట, చక్రము తిరుగు దిశ మారుట కలదు. తిరగబడిన నకలునుండి మరల నకలు తీసి, దానికి చక్కని రంగులు వేసినచో తప్పునకు పట్టాభిషేకము చేసినట్లే. మూలగ్రంథముతో సరిచూచుకొనక కుంచె ముట్టరాదు.

ఇక పిల్లవాని చొక్కాకు ఏ రంగు వేయవలెను? ఇది హాస్యమునకు అడిగిన ప్రశ్న కాదు. ఎఱ్ఱనిరంగు వేసినచో చూచువాని కన్ను తిన్నగా అతనిపైననే పడును. చిత్రకారుడు చేయని అభియోగమును రంగువేసినవాడు చేసినట్లగును. యంత్రము చుట్టును వెలుగు నింపి పిల్లవానిని గోధుమనీడలో కలిపివేసినచో, చిత్రకారుడు చూపినదానిని రంగువేసినవాడు దాచినట్లగును. రంగు వేయకుండ విడిచినచో అతడు దయ్యమువలె తెల్లగా మిగిలిపోవును. ఈ మూడింటిలో ఏది చేసినను అదియొక పలుకే. మౌనమునకు ఇచ్చట తావులేదు. నా అభిప్రాయమున, అతని ప్రక్క నిలిచిన పెద్దవారికి ఏపాటి వెలుగునిచ్చినారో అతనికిని ఆపాటియే ఈయవలెను. వారి బట్టకెంత మాపు అంటించినారో అతని బట్టకును అంతయే అంటింపవలెను. సమముగా చూచుటయే న్యాయము. తక్కినది చూచువాని మనస్సునకు విడిచిపెట్టవలెను.

ఆలమ్ విషయమున ఒక సంగతి మరువరాదు. అతడు చీనాదేశపు దృశ్యములను కూడ గీసి గొప్ప పేరు తెచ్చుకొనెను. కాని చీనాదేశమున కాలు మోపలేదు; ఇతరులు గీసినవాటిని ఆధారముగా తీసికొనెను. ఆ దృశ్యములకును తరువాతివారు విస్తారముగా రంగులు వేసిరి. చూడనివాడు గీసిన బొమ్మకు, చూడనివాడే రంగువేసినను, చూచువారికది కన్నులయెదుటి నిజమువలె తోచును. రంగునకు గల శక్తి అట్టిది. అందుచేతనే దానితో భయభక్తులు వలెను.

బెయిన్స్ గ్రంథములోనే మరియొక బొమ్మ గలదు. అది ఆంధ్రశ్రోతలకు దగ్గరి సంబంధము గలది. దానిపేరు కాలికో అద్దకము. మన దేశపు కోళిక్కోడు రేవుపేరే ఆంగ్లేయుల నోట కాలికో యను బట్టపేరయ్యెను. ఆ బొమ్మలో బట్టపై రంగులచ్చువేయు రోలరుయంత్రమున్నది. 1783లో థామస్ బెల్ పేటెంటు పొందిన పద్ధతి యది. రాగి రోలరుపై పూలతీగలను చెక్కి, గాడులలో రంగునింపి, పైభాగమును ఉక్కుకత్తితో గీకివేసి, బట్టపై నొక్కి దొర్లింతురు. శ్రోతలు గమనించియే యుందురు. కాగితముపై బొమ్మ అచ్చువేయు విద్యయే బట్టపై పువ్వు అచ్చువేయు విద్య యయ్యెను. చెక్కుడుపనివాని ఉలి యంత్రము బొమ్మను గీసెను. ఆ ఉలియే యంత్రమునకు కన్నును, కడుపును అయ్యెను.

ఆ యంత్రము ఎవరి చేతిపనికి మారుగా వచ్చినది? కోరమాండలు తీరపు కలంకారీ బట్టలకు మారుగా వచ్చినది. మచిలీపట్నమున ఆంగ్లేయులు 1611లో వ్యాపారస్థానము నెలకొల్పిరి. ఈ తీరపు అద్దకపుబట్టలు ఇంగ్లాండులో ఎంతగా చెల్లినవనగా, అచ్చటి ఉన్ని, పట్టు నేతవారి ఆందోళనపై 1700లో వాని దిగుమతిని నిషేధించుచు ఒక చట్టమును, 1721లో వానిని ధరించుటనే నిషేధించుచు మరియొక చట్టమును చేయవలసి వచ్చెను. ఆ గోడ చాటున ఆంగ్లేయుల అద్దకపు పరిశ్రమ పెరిగి, చివరకు యంత్రమై నిలిచెను.

కలంకారీవాడు చేయుపనిని తలచుకొనుడు. కరక్కాయరసములో, పాలలో తడిపి ఆరవేసిన బట్టపై, ఇనుపముక్కలను బెల్లపునీటిలో ఊరవేసి తీసిన నల్లనిద్రవముతో మొదట గీత గీయును. ఎఱ్ఱన కావలసినచోట పటికనీరు పూసి చిరివేరుతో ఉడికించును. చిరివేరులోని ఎఱుపు పదార్థమును, ఐరోపావారు వాడిన మంజిష్ఠజాతి వేరులోని ఎఱుపు పదార్థమును ఒక్కటేయని రసాయనశాస్త్రము తేల్చినది. ముందు నల్లనిగీత, పిదప గీతలోపల రంగు. శ్రీకాళహస్తిలో కలముతోను, మచిలీపట్నము ప్రాంతమున పెడన యందు అచ్చులతోను ఈ పని నేటికిని జరుగుచున్నది. చెక్కడపు బొమ్మకు రంగువేయువాడును చేయునది ఇదియే. నల్లనిగీత యొకరిది, లోపలి రంగు మరియొకరిది. అతడు వాడు కాగితమునకును ముందుగా సరేసు, పటిక కలిపిన నీరు పూయుదురు; లేనిచో రంగు ఇంకిపోయి గీత మసకబారును. భేదమొక్కటే. కలంకారీలో గీత గీసినవాడు, రంగువేసినవాడు ఒక్క కాలమువారు, ఒక్క సంప్రదాయమువారు. చెక్కడపు బొమ్మలో గీతకును రంగునకును నడుమ నూటేబది, రెండువందల యేండ్లు గడచియుండవచ్చును. ఆ దూరమును నిజాయితీతోనే దాటవలెను.

అట్లని ఈ కళయే తగదని నా భావము కాదు. చేతితో రంగువేయుటలో ఒక గొప్ప లాభము గలదు. ఫొటో తీయువానికి బొమ్మ క్షణములో పట్టుబడును. అతడు దానిని చదువనక్కరలేదు. రంగువేయువాడు చదువక తప్పదు. ఈ పట్టా ఏ ఇరుసునుండి దిగినది, ఈ పోగు ఏ కదురునకు పోవుచున్నది, ఈ నీడ యంత్రముదా, మనిషిదా అని ప్రతి అంగుళమువద్ద ఆగి ప్రశ్నించుకొనవలెను. గంటలకొలది వంగి చూచినవానికి పోగుల క్రింది పిల్లవాడు తప్పించుకొనడు. విద్యార్థులచేత ఇట్టి బొమ్మలకు రంగువేయించినచో, పది పుటల పాఠము చెప్పలేనిది ఆ పని చెప్పును. నీటిరంగులు పలుచనివి గనుక వాని క్రింద చెక్కినవాని గీత కనబడుచునే యుండును. తనకంటె ముందువాని పనిని చెరపక దానిపై పనిచేయు వినయము ఆ రంగులలోనే యున్నది.

కావున వేయువారికి నేను విన్నవించునది స్వల్పము. తెలిసినదానికి రంగు వేయుడు. తెలియనిచోట పలుచని ఛాయతో సరిపెట్టుడు. అడుగున చిత్రకారుని పేరుతోపాటు మీ పేరును, రంగువేసిన సంవత్సరమును వ్రాయుడు. అజ్ఞాతముగా పనిచేసి పోయిన ఆ బల్లలచుట్టు స్త్రీలకు, పిల్లలకు దక్కని గౌరవము మీకు దక్కును. చూచువానికి సత్యము తెలియును. కొనువారికి చెప్పునదియు స్వల్పమే. బొమ్మ ఏ గ్రంథములోనిది, ఆ గ్రంథమున దానికి రంగు ఉండెనా లేదా, ఇప్పటి రంగు ఏనాటిది అని మూడు ప్రశ్నలడుగుడు. సమాధానము దొరకినచో బొమ్మను చరిత్రగా గోడకు తగిలింపవచ్చును. దొరకనిచో అలంకారముగా తగిలించుకొనుడు. రెండింటికిని గోడపై చోటున్నది. రెండును ఒకటేయని మాత్రము పిల్లలకు చెప్పకుడు.